గ్యాసేలే అనుకోకు

గుంటూరు,
అట్లతద్ది మర్నాడు.

చిరంజీవి శ్రావణికి అత్త ఆశీస్సులు.

హైదరాబాద్‌లో గది ఖాళీ చేసి వచ్చి, ఊళ్ళో ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటున్నావని వదిన ఫోన్‌లో చెప్పింది. అన్నయ్యకి బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. మా అమ్మకి, అంటే మీ నానమ్మకి, ఎనభై దాటాయి. నువ్వు ఆ ఇంట్లో ఉన్నావంటే నాకు సగం దిగులు తీరింది. మిగతా సగం తీర్చుకుందామనే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో పెడితే గుడ్ మార్నింగ్ పూల కింద పడిపోతుంది. కాగితమైతే బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకుంటావు.

మా ఆస్పత్రి క్యాజువాలిటీలో ఎవరైనా ఛాతీ పట్టుకుని వస్తే మేం ముందు అడిగేది "ఎప్పుడు మొదలైంది?" అని. "రాత్రి పదింటికండీ" అంటారు. గోడమీద గడియారం చూస్తే తెల్లవారుజామున ఐదు. ఈ మధ్యలో ఏం చేశారంటే చాలా ఇళ్ళలో ఒకటే కథ. ముందు సోడా తాగించారు. తర్వాత ఈనో. భార్య వాము నమలమంది. ఆర్‌ఎంపీ వచ్చి గ్యాస్ ఇంజెక్షన్ చేశాడు. ఓ త్రేన్పు వచ్చింది. "చూశారా, గ్యాసే" అని అందరూ నడుం వాల్చారు. నొప్పి మళ్ళీ వచ్చింది. పెద్దబ్బాయికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. సరే, తెల్లారనిద్దాం అనుకున్నారు. వీళ్ళెవరికీ ఆయనంటే ప్రేమ లేక కాదు, చాలాసార్లు డబ్బు లేకా కాదు. గుండెపోటేమో అని పైకి అనడానికి నోరు రాదు, అంతే. ఎవరో ఒకరు అనాలి. మీ ఇంట్లో ఆ మాట అనే మనిషివి నువ్వు కావాలి. తీరా గ్యాసే అని తేలితే నవ్వుతారు. నవ్వనీ.

గుండెపోటు గుర్తులివి: ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టో, పట్టేసి పిండినట్టో ఉండటం, అది ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, ఒళ్ళంతా చల్లటి చెమట, వాంతి వచ్చేలా ఉండటం, ఆయాసం. ఇవన్నీ ఒకేసారి రావాలని లేదు. ముఖ్యంగా షుగరున్నవాళ్ళకి, ఆడవాళ్ళకి, బాగా పెద్దవాళ్ళకి నొప్పే ఉండకపోవచ్చు. ఊరికే నీరసం, ఊపిరాడకపోవడం, పొట్ట పైభాగంలో ఇబ్బంది, అంతటితో సరి. మీ నాన్న "నాకేం నొప్పి లేదే" అన్నాడని వదిలేయకు. గ్యాసా గుండా అన్నది ఇంట్లో కూర్చుని నువ్వూ తేల్చలేవు, ఇన్నాళ్ళ సర్వీసున్న నేనూ తేల్చలేను. ఈసీజీ తీయాలి. ఒక్కోసారి మొదటి ఈసీజీలో ఏమీ కనపడదు కూడా. "నార్మల్‌గానే ఉంది, వెళ్ళండి" అన్నా నొప్పి తగ్గకపోతే అక్కడే కూర్చో. మళ్ళీ తీయమను, ట్రోపోనిన్ రక్తపరీక్ష చేయమను.

రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే ఆ వెనక ఉన్న గుండె కండరం నిమిషాలమీద చచ్చిపోతూ ఉంటుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పన్నెండు గంటల లోపు ఇస్తారు, కానీ మొదటి ఒకటి రెండు గంటల్లో ఇచ్చినదానికీ ఎనిమిదో గంటలో ఇచ్చినదానికీ పోలికే లేదు. టెనెక్టిప్లేజ్ అంటారు దాన్ని. చాలా ఖరీదైన మందు. మన రాష్ట్రంలో చాలా ఏరియా ఆస్పత్రుల్లో ఉచితంగానే ఇస్తున్నారు. ఆ సంగతి ఊళ్ళో తెలియక నేరుగా పెద్ద ఊరికి పరుగెత్తి గంట పోగొట్టుకుంటారు.

అలాంటి నొప్పి వస్తే మీ నాన్నని ఎక్కడివాణ్ణి అక్కడే వీపుకి దిండ్లు పెట్టి కూర్చోబెట్టు. స్నానం చేసి, పంచె మార్చుకుని బయల్దేరతానంటాడు, చూస్తూ ఉండు. మగవాళ్ళకి ఆ వేళప్పుడే శుభ్రత గుర్తొస్తుంది. బాత్‌రూమ్‌కి వెళ్ళనివ్వకు, మెట్లు దిగనివ్వకు, బండి నడపనివ్వకు. సాదా ఆస్పిరిన్ 325 మిల్లీగ్రాముల బిళ్ళ ఒకటి నమిలి మింగించు. ఇంట్లో 75 మిల్లీగ్రాములవే ఉంటే నాలుగు. ఆస్పిరిన్ పడనివాళ్ళకి, కడుపులో పుండు ఉండి రక్తం పోయినవాళ్ళకి వద్దు. మీ నాన్నకి ఇవ్వచ్చో లేదో ఆయన డాక్టర్ని ఇప్పుడే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే అడిగి పెట్టుకో. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ పక్కింటాయన జేబులో ఉంటుంది, ప్రేమగా ఇవ్వబోతాడు. డాక్టర్ ఇదివరకే రాసిస్తే తప్ప వద్దు. బీపీ పడిపోతే మనిషి అక్కడే కుప్పకూలతాడు.

108 అంబులెన్స్ మన దగ్గరే పుట్టిన సర్వీసు, 2005 ఆగస్టు 15న మొదలైంది. కుయ్ కుయ్ మంటూ వస్తుందని నవ్వుకుంటాం గానీ అందులో ఆక్సిజనూ, తర్ఫీదైన మనిషీ ఉంటారు. కారులో నువ్వు వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళడంకన్నా అది మేలు. ముందు వాళ్ళకి ఫోన్ చెయ్యి. బండి ఎక్కడుందో, ఎంతసేపట్లో వస్తుందో అడుగు. దూరంగా ఉందంటే మీరే బయల్దేరి దారిలో ఎదురెళ్ళే మార్గం కూడా వాళ్ళనే అడుగు. ఊరు పేరు, గుడి, వాటర్ ట్యాంకు లాంటి గుర్తులు చెప్పు. రాత్రయితే ఓ కుర్రాణ్ణి టార్చిలైటు ఇచ్చి రోడ్డుమీద నిలబెట్టు. కుక్కని కట్టేయించు. నవ్వకు, కుక్క మూలంగా గేటు బయట ఆగిపోయిన స్ట్రెచర్‌ని చూశాను.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఒక మధ్యాహ్నం తీరిక చేసుకుని నరసరావుపేట వెళ్ళిరా. ఏ ఆస్పత్రిలో రాత్రిపూట కూడా డ్యూటీ డాక్టర్ ఉంటాడు, ఎక్కడ సీటీ స్కాన్ ఇరవైనాలుగు గంటలూ నడుస్తుంది, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఎక్కడ ఉంది, పాము మందు ఎక్కడ ఉంది, వెంటిలేటర్ ఎక్కడ ఉంది అని అడిగి రాసుకో. గుంటూరు అక్కణ్ణించి 45 కిలోమీటర్లు. ఏ రోగానికి అక్కడ ఆగాలో, దేనికి ఆగకుండా ఇక్కడికి రావాలో అర్ధరాత్రి ఆటోలో కూర్చుని ఆలోచించేది కాదు. పెద్ద అద్దాల బిల్డింగు అయినంత మాత్రాన లోపల ఆ వేళకి స్పెషలిస్టు ఉండాలని లేదు.

ఇక అమ్మ సంగతి. పక్షవాతం వస్తే మన వైపు ఇంకా పసరు మందుకి తీసుకెళ్తున్నారు, పావురం రక్తం రాస్తున్నారు. చదువుకున్న ఇళ్ళల్లో కూడా. ఉన్నట్టుండి మూతి ఓ పక్కకి పోయినా, చెయ్యి తిమ్మిరెక్కి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఓ కన్ను కనపడకపోయినా అనుమానించు. నవ్వమను, రెండు చేతులూ ఎత్తి పట్టుకోమను, ఓ చిన్న మాట చెప్పమను. ఈ మూడిట్లో ఒక్కటి తేడాగా ఉన్నా చాలు. ఆ వెంటనే గడియారం చూడు. అమ్మ చివరిసారిగా మామూలుగా ఉన్నది ఎప్పుడో కాగితంమీద రాయి. నిద్రలేచేసరికే అలా ఉంటే, పడుకునేటప్పటి టైము లెక్క. గడ్డ కరిగించే మందు ఇవ్వడానికి నాలుగున్నర గంటలే గడువు, అందులోనే ప్రయాణం, సీటీ స్కాన్ అన్నీ అయిపోవాలి. పెద్ద నాళం పూడుకుపోతే కొందరికి ఆ తర్వాత కూడా గడ్డని తీగతో లాగేసే వైద్యం ఉంది గానీ దాన్ని నమ్ముకుని తాత్సారం చేయకూడదు. మెదడులో నిమిషానికి దాదాపు 19 లక్షల నరకణాలు పోతాయని లెక్కగట్టారు.

ఇక్కడ ఆస్పిరిన్ వద్దు. గుండెకి మంచిదన్నావు కదా అంటావేమో. పక్షవాతం గడ్డవల్ల రావచ్చు, రక్తనాళం చిట్లీ రావచ్చు. స్కాన్ తీసేదాకా ఏదో తెలియదు. చిట్లినదైతే ఆస్పిరిన్ ఇంకా ముంచుతుంది. నోట్లో నీళ్ళు కూడా పోయకు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బీపీ 200 ఉందని నాలుక కింద మందు వేసి ఒక్కసారిగా దించేవాళ్ళున్నారు, దించనివ్వకు. మెదడుకి రక్తం అందించుకోడానికే ఒళ్ళు ఆ బీపీ పెంచుకుంటుంది. ఇంకొకటి, పది నిమిషాల్లో మూతి దానంతటదే సరైపోయి, అమ్మ కాఫీ అడిగినా సరే తీసుకెళ్ళు. పెద్దది వచ్చే ముందు వచ్చే చిన్నది అది. అసలు దెబ్బ తర్వాతి రెండు రోజుల్లోనే తగిలే ప్రమాదం బాగా ఎక్కువ.

పక్షవాతంలా కనిపించి మోసం చేసేది షుగరు పడిపోవడం. కార్తీక మాసం వస్తోంది. మీ నాన్న సోమవారాలు ఉపవాసం ఉంటాడు, టాబ్లెట్ మాత్రం మానడు. గ్లిమిపిరైడ్ లాంటి బిళ్ళ వేసుకుని అన్నం తినకపోతే మధ్యాహ్నానికి చెమటలు, వణుకు, చిరాకు, తడబాటు మాటలు. తాగొచ్చాడా అన్నట్టు ఉంటుంది. గ్లూకోమీటర్ ఇంట్లో ఉంది కదా, 70 కంటే తక్కువ చూపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించు. పావుగంటయ్యాక మళ్ళీ చూడు. మీటరు కనపడకపోతే వెతుక్కుంటూ కూర్చోకు, ముందు పంచదార ఇచ్చెయ్యి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ వేయకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి 108 పిలువు. ఆ బిళ్ళలు వాడేవాళ్ళకి పంచదారతో లేచి కూర్చున్నా మళ్ళీ పడిపోతుంది, కాబట్టి ఆ రోజుకి ఆస్పత్రిలో ఉండాల్సిందే. ఉపవాసం సంగతి డాక్టర్ని ముందే అడిగి బిళ్ళ మార్పించు. శివుడేమీ అనుకోడు.

మనిషి కళ్ళెదుటే కూలిపోతే భుజం తట్టి గట్టిగా పిలువు. పలకకపోతే ఛాతీ చూడు. ఊపిరి మామూలుగా లేకపోతే గుండె ఆగినట్టే. ఇక్కడే మనవాళ్ళు పొరబడతారు. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో నోరు తెరిచి, గుటక వేసినట్టు, ఆగి ఆగి ఎగశ్వాస వస్తుంది. "ఊపిరాడుతోందిలే" అని కొందరు ఆగిపోతారు. "అయిపోయింది, తులసి తీర్థం పోయండి" అని ఇంకొందరు. రెండూ తప్పే. నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో ఎముకమీద అరచేతి మడమ పెట్టి, దానిమీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా నీ బరువంతా వేసి నొక్కు. రెండు అంగుళాలు దిగాలి. ప్రతిసారీ పూర్తిగా పైకి రానివ్వాలి. నిమిషానికి 100 నుంచి 120. మంచంమీద చేస్తే పరుపు దిగుతుంది గానీ ఛాతీ దిగదు. పక్కటెముక పుటుక్కుమన్నా ఆపకు, ఎముక అతుక్కుంటుంది. రెండు నిమిషాలకే నీ చేతులు పడిపోతాయి, ఇంకొకరికి మార్చు. ఏమీ చేయకపోతే నిమిషానికి నూటికి ఏడు నుంచి పది పాళ్ళ చొప్పున బతికే అవకాశం తగ్గిపోతూ ఉంటుంది. 108 ఎంత తొందరగా వచ్చినా అంత తొందరగా రాదు కదా. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో ఓ ట్రాఫిక్ కానిస్టేబుల్ రోడ్డుమీద పడిపోయిన మనిషికి ఇలాగే ఛాతీ నొక్కి బతికించాడు. ఆ వీడియో నువ్వూ చూసే ఉంటావు. ఆయన డాక్టరు కాదు.

ఇప్పుడు పొలం సంగతి. పత్తి తీతల రోజులు, పాములు తిరిగే రోజులూ ఇవే. పాముకాటుతో మన దేశంలో ఏడాదికి సగటున 58 వేలమంది పోతున్నారని 2000 నుంచి 2019 దాకా లెక్కలు తీసి చెప్పారు. ఎక్కువగా చంపేవి నాలుగే: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. పింజర కరిస్తే కాలు వాచిపోతుంది, చిగుళ్ళలోంచి రక్తం వస్తుంది, భయంతోనైనా పరుగెత్తుకొస్తారు. నన్ను ఎప్పుడూ భయపెట్టింది కట్లపాము. అది రాత్రిపూట ఇంట్లోకి వచ్చి, నేలమీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది. కాటు చీమ కుట్టినంత. వాపు ఉండదు, గాటు కూడా సరిగ్గా కనపడదు. తెల్లారేసరికి కడుపునొప్పి, వాంతులు. రాత్రి తిన్నది పడలేదనుకుంటారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. "నిద్ర సరిపోలేదమ్మా పాపం" అని తల్లి అంటూ ఉండగానే, రెప్పలు ఎత్తమంటే పిల్లవాడు నుదురు ముడివేసి, తల వెనక్కి వాల్చి చూస్తాడు. అది చూశామంటే పరుగే. మింగలేకపోవడం, మాట ముక్కులోంచి రావడం, ఆ తర్వాత ఊపిరి ఆగడం. వెంటిలేటర్ పెట్టి ఊపిరి నిలబెడితే చాలామంది పూర్తిగా కోలుకుని నడిచి వెళ్ళిపోతారు. అలా రెప్ప కదపలేని మనిషికి చెవులు మాత్రం వినపడుతూనే ఉంటాయి. మంచం పక్కన నిలబడి చావు మాటలు మాట్లాడేవాళ్ళని నేను బయటికి పంపేసేదాన్ని.

కట్లు కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. ఇదివరకే ఎవరైనా గట్టిగా కట్టేస్తే తాడు నువ్వు విప్పకు, ఆస్పత్రిలో విప్పుతారు. కరిచిన కాలిని కర్రకి వదులుగా కట్టి కదలకుండా ఉంచు. ఉంగరాలు, పట్టీలు, మెట్టెలు వెంటనే తీసేయాలి, వాపు వచ్చాక అవి వేలిని కోసేస్తాయి. మెట్టెలు తీయడానికి ఆడవాళ్ళు ఒప్పుకోరు, భర్త బతికుండగా ఎలా అంటారు. ఆయన చేతే తీయించు, గొడవ లేకుండా పోతుంది. నడిపించకు. బండే దిక్కయితే ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్ళు. పామును చంపి క్యారీబ్యాగులో వేసుకుని రానక్కర్లేదు. నాలుగింటికీ మందు ఒకటే, చిన్నపిల్లలకీ పెద్దలకీ డోసూ ఒకటే. పామును వెతికే హడావిడిలో ఇంకొకరికి కాటు పడుతుంది. పింజర అనుమానమైతే గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. వంచితే గడ్డకట్టకుండా జారిందంటే విషం ఎక్కినట్టే. ఊరికే కూర్చోబెట్టారని అప్పుడు నర్సుతో పోట్లాడకు. అమ్మనీ, పనివాళ్ళ పిల్లల్నీ మంచాలమీద పడుకోమను, దోమతెర అంచులు పరుపు కిందకి దోపమను.

పురుగుల మందు రెండు రకాలుగా ఒంట్లోకి ఎక్కుతుంది: గాలికి ఎదురుగా కొట్టి ఒంటిమీద పడి, లేదా తాగి. దాని గుర్తులు చొంగ, చెమట, కంటిపాప సూదిమొనంత కావడం, కండరాలు అదరడం. బట్టలు విప్పేసి సబ్బుతో కడగాలి, నీ చేతులకి పాలిథీన్ కవర్లు తొడుక్కుని. ఉప్పునీళ్ళో, పేడనీళ్ళో తాగించి కక్కించకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే అదే చంపుతుంది. డబ్బా తప్పనిసరిగా తీసుకెళ్ళు. గడ్డిమందు పారాక్వాట్ తాగినవాళ్ళు మొదటి రోజు బాగానే మాట్లాడతారు, ఇంటికి వెళ్ళిపోతామంటారు. దానికి విరుగుడు లేదు, ఎంత తొందరగా వెళ్తే అంత ఆశ. పోలీసు కేసవుతుందని డాక్టర్ దగ్గర అబద్ధం చెప్పేవాళ్ళుంటారు. ఏం తాగారో, ఎంత తాగారో నిజం చెప్పించు. ఎందుకు తాగావని ఆ మనిషిని మాత్రం ఆ గంటలో అడగకు. తేరుకున్నాక మాట్లాడించడానికి టెలీ మానస్ ఉంది, 14416, తెలుగులోనే మాట్లాడతారు.

మిగతావి క్లుప్తంగా. ఫిట్స్ వస్తే తాళంచెవులు, ఉల్లిపాయలు ఏవీ వద్దు, పళ్ళ మధ్య చెంచా అసలే వద్దు. పక్కకి తిప్పి, తల కింద మెత్తటిది పెట్టి, టైము చూస్తూ ఉండు. ఐదు నిమిషాలు దాటితే, లేదా తెలివి రాకుండానే మళ్ళీ వస్తే 108. నిప్పుతోనో నూనెతోనో ఒళ్ళు కాలితే కుళాయి నీళ్ళ కింద ఇరవై నిమిషాలు. ఐసు, టూత్‌పేస్టు, సిరా వద్దు. పల్లీ గింజ గొంతుకి అడ్డుపడి పిల్ల ఏడవలేక, దగ్గలేక నీలంగా మారితే ముందుకి వంచి భుజాల మధ్య ఐదు చరుపులు. పోకపోతే వెనకనుంచి పట్టుకుని బొడ్డుపైన లోపలికీ పైకీ ఐదు గుద్దులు. ఏడాది లోపు బిడ్డకైతే పొట్ట కాకుండా ఛాతీమీద ఒక అరచేతి మడమతో.

రోడ్డుమీద యాక్సిడెంట్ చూస్తే ఆగు. రక్తం కారేచోట బట్టతో గట్టిగా నొక్కి పట్టు, మెడ వంచకు. కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం అక్కర్లేదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఎ సెక్షన్ చేర్చి సాయం చేసినవాళ్ళకి రక్షణ ఇచ్చారు. పేరు చెప్పడం కూడా నీ ఇష్టమే. ఏ ఆస్పత్రైనా అడ్వాన్సు కడితేనే ముట్టుకుంటామంటే, ప్రాణాపాయంలో ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు వైద్యం చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పిందని మెల్లగా, గట్టిగా చెప్పు. రెండూ కుదురుతాయి, ప్రయత్నించు.

ఇప్పుడే నువ్వు చేయాల్సింది ఇంకొకటుంది. నాన్న, నానమ్మ వాడే మందుల పేర్లు, పడని మందులు, ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు జిరాక్సు, ఈ మధ్య తీసిన ఈసీజీ, అన్నీ ఒక కవర్లో పెట్టి ఫ్రిజ్ పైన ఉంచు. పాత ఈసీజీ పక్కన పెట్టుకుని కొత్తది చూస్తే డాక్టరుకి సగం పని తగ్గుతుంది.

నాగుల చవితికి వస్తున్నాను. పుట్టలో పాలు పోసి వచ్చాక మీ వీధి కుర్రాళ్ళని, పాల కేంద్రం దగ్గర కూర్చునే వాళ్ళతో సహా, మన అరుగుమీదకి పిలిచిపెట్టు. గట్టి దిండొకటి చూడు, దూది మెత్తగా ఉన్నది పనికిరాదు. ఛాతీ నొక్కడం అందరి చేతా చేయిస్తాను. మీ నాన్న చేత కూడా.

ఇట్లు,
నీ అత్త